ఎర్ర డాలు చూపిన పేర్లు

నరసరావుపేట
3 జూలై 2025

సుప్రజకు,

నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా నేను ఎత్తకపోవడానికి కారణం రాయాలి. కోపం కాదు. నీ గొంతూ మీ అక్క యశోద గొంతూ ఒకటే. ఆమె ఉన్నప్పుడు అది నవ్వుకునే సంగతి. ఇప్పుడు వినలేను. కొన్నాళ్ళు ఉత్తరాలు రాసుకుందాం.

స్కూటీ మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నావని తెలిసింది. ఏ కాలో ఎవరూ చెప్పలేదు.

ఒక పని పడింది. యశోద కంప్యూటర్‌ను ఫిబ్రవరి తర్వాత నేను ముట్టుకోలేదు. మొన్న తెరిచాను. ఆమె ఫొటో ఒకటి పెద్దది చేయించాలి. అందులో ఉంటుందేమోనని. ఫొటోలు ఎలా వెతకాలో తెలియక ఇంటర్నెట్‌లో చూస్తుంటే ఒక గడి వచ్చింది. 'మీ కంప్యూటర్ నెమ్మదిగా ఉందా?' అని అడిగింది. నెమ్మదిగా ఉన్న మాట నిజం. అవును అని నొక్కాను.

అప్పటి నుంచి తెర మధ్యలో ఒక ఎర్ర డాలు బొమ్మ కూర్చుంది. తాను యాంటీవైరస్‌నని చెప్పుకుంటోంది. పేరు ఇంగ్లీషులో బారెడు. మూస్తే మళ్ళీ తెరుచుకుంటుంది. కంప్యూటర్ ఆపి మళ్ళీ పెడితే నాకంటే ముందే వచ్చి ఉంటుంది. పది నిమిషాలకోసారి కింది మూల నుంచి 'యశోదా, మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది' అంటుంది. ఆమె పేరు దానికి ఎలా తెలిసింది?

స్టేషన్ రోడ్డులో కంప్యూటర్లు బాగుచేసే సుభానీని పిలిపించాను. "ఇంత రచ్చ దేనికి సార్, ఫార్మాట్ కొట్టేద్దాం. అరగంటలో కొత్త పెళ్ళికూతురిలా ఉంటది" అన్నాడు. అని, నాలుక కరుచుకున్నాడు. ఫార్మాట్ అంటే ఏమిటని అడిగాను. లోపల ఉన్నదంతా తుడిచేయడమట. వద్దన్నాను. టీ తాగి వెళ్ళాడు.

నీకు మాచర్లలో ఇరవై ఏళ్ళుగా జిరాక్స్, నెట్ షాపు ఉంది. నీకు తెలియని కంప్యూటర్ జబ్బు ఉండదని మీ అక్క అనేది. ఏం చేయాలో రాయి.

మీ బావ,
మధుబాబు


మాచర్ల
7 జూలై 2025

బావగారికి, మంచంలోంచి నమస్కారం.

ఐదు నెలలు నన్ను ఏడిపించారు. ఆస్పత్రికి నేను ఆలస్యంగా వచ్చానని మనసులో పెట్టుకున్నారనుకున్నా. రోజూ ఇదే ఆలోచన. మీ తోడల్లుడు "ఆయన నీ ఒక్కదాని ఫోనే కాదే, ఎవరి ఫోనూ ఎత్తట్లా" అంటూనే ఉన్నాడు. నేను నమ్మలేదు. ఇప్పుడు మీ ఉత్తరం చదివాక మాట్లాడుతుంటే నా గొంతు నాకే ఏదోలా ఉంది. సరే, ఉత్తరాలే రాసుకుందాం.

ఎడమ కాలు. ఇంకా నాలుగు వారాలు కట్టు ఉంచాలంట. లేకపోతే ఈపాటికి బస్సెక్కి మీ ఇంట్లో ఉండేదాన్ని. షాపు మీ తోడల్లుడు చూస్తున్నాడు. జిరాక్స్ రెండో వైపు తలకిందులుగా తీస్తాడు. నిన్న ఒకావిడ ఆధార్ కాగితం పట్టుకొని నేరుగా నా మంచం దగ్గరికే వచ్చింది. "అమ్మాయ్, మీ ఆయన నా ఫొటోను శీర్షాసనం వేయించాడు, చూడు" అని.

ఇక మీ ఎర్ర డాలు. పేరు బారెడు అని రాస్తే నాకేం తెలుస్తుంది బావగారూ? ఇలాంటివాటిలో మంచివీ ఉంటాయి, దొంగవీ ఉంటాయి. పేరు, అది ఏమేం తప్పులు పట్టిందో ఆ జాబితా, పొల్లు పోకుండా రాసి పంపండి. చూసి చెప్తాను. ఈలోగా వెనకాల నెట్ వైరు పీకేయండి. బయటివాళ్ళతో దానికి మాటలు తెగిపోతాయి.

అక్క పేరు తెలియడంలో వింతేం లేదు. కంప్యూటర్ కొత్తగా పెట్టినరోజు యజమాని పేరేంటని అడుగుతుంది. అడిగితే నేనే 'యశోద' అని కొట్టాను. మీ పేరు కొట్టబోతే అక్క నా చెయ్యి పట్టుకుంది. "ఏమే, ఇది నాది" అంది.

సుభానీని దగ్గరికి రానివ్వకండి. ఎలకను పట్టడానికి ఇల్లు పడగొట్టే రకం.

అన్నం వేళకు తింటున్నారని నమ్ముతూ,
సుప్రజ


నరసరావుపేట
10 జూలై 2025

సుప్రజకు,

వైరు పీకాను. డాలుకు ఏ తేడా లేదు.

దాని పేరు వేరే కాగితం మీద రాసి పెట్టాను. అది పట్టిన తప్పులు మొత్తం 1,146. ఒక పూట కూర్చుని మొదటి నలభై రాశాను. ఆ కాగితం కూడా ఇందులో ఉంది. పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టిన తెలుగు మాటలే. ప్రతి పేరు పక్కనా ఎర్రగా 'తీవ్రమైన ప్రమాదం' అని ఉంది. కొన్ని ఇక్కడ మళ్ళీ రాస్తున్నాను. మిరపపొడి. పట్టు అంచు. సన్యాసి. కొండవీటి రాయి. పిన్ని శాలువా. చింతతొక్కు. మసీదు కిటికీ. వానలో నానిన పేపరు. అలిగిన పిల్ల. అలిగిన పిల్ల రెండోది.

వైరస్‌లకు తెలుగు పేర్లు ఉంటాయని నాకు తెలియదు. ఆలోచిస్తే అర్థమైంది. తుపానులకు దేశాలు వంతుల వారీగా పేర్లు పెడతాయి కదా. వీటికీ అలాంటి పద్ధతి ఉండి ఉంటుంది. ఈసారి వంతు మనవాళ్ళకు వచ్చినట్టుంది. పెట్టినవాళ్ళు ఎవరో గాని మామూలు మనిషి కాదు. తుపాను పేరు వింటే తుపాను కనపడదు. ఈ పేర్లు రాస్తుంటే ఒక్కొక్కటీ కళ్ళకు కట్టింది. 'అలిగిన పిల్ల' అనే వైరస్ ఏం చేస్తుందో నేను చెప్పగలను. మూల కూర్చుని పని జరగనివ్వదు. చాలా రోజుల తర్వాత నవ్వాను.

ఒక చిక్కు ఉంది. తెర కింద ఒక గడియారం వెనక్కి నడుస్తోంది. ఆదివారం మధ్యాహ్నానికి సున్నా అవుతుంది. ఈలోగా 'అన్నీ తొలగించు' అనే మీట నొక్కకపోతే కంప్యూటర్‌లో ఉన్నది మొత్తం పోతుందట. ఆలోపు నీ జవాబు రాకపోతే ఆదివారం ఉదయం నొక్కుతాను. ఆమె వస్తువు నా అశ్రద్ధ వల్ల పాడు కాకూడదు.

తింటున్నాను.

మీ బావ,
మధుబాబు


నరసరావుపేట
13 జూలై 2025, ఆదివారం

సుప్రజకు,

ఉదయం తొమ్మిదింటికి నొక్కాను. పచ్చగీత ఒకటి ఎడమ నుంచి కుడికి నిదానంగా పాకింది. చివరికి చేరాక, పూర్తి వెర్షన్‌కు డబ్బు కట్టమని కార్డు నంబర్ అడిగింది. నాకు కార్డు లేదు. ఆ గడి మూసేశాను.

అయినా పని జరిగినట్టే ఉంది. జాబితాలో ప్రతి పేరు ముందూ ఒకటే చిరునామా ఉండేది. ఫొటోలు దాచేచోట 'పొద్దున్నే' అనే ఫోల్డర్. వెతికి తెరిచాను. ఖాళీ. మిరపపొడి లేదు, సన్యాసి లేదు. 1,146లో ఒక్కటి మిగల్లేదు. ఫోల్డర్ పేరు మాత్రం మీ అక్క పెట్టుకున్నదే అయి ఉంటుంది. అందులో ఏం దాచుకుందో, వాటిని ఈ వైరస్‌లు ముందే తినేసి ఉంటాయి. అదొక్కటే బాధ.

డాలు ఇంకా పోలేదు. గడియారం మళ్ళీ మొదటికి వచ్చింది. కాపలాగా ఉండనీ అనుకుంటున్నాను.

మూడు రోజులుగా కంప్యూటర్ ఆపలేదు. ఆ గదిలో ఉన్నది ఒకటే ప్లగ్గు. ఫోన్‌కు చార్జింగ్ పెట్టలేదు. అది ఆగిపోయింది. ఎవరికీ ఇబ్బంది లేదు.

నీకు శ్రమ తప్పింది. కాలు జాగ్రత్త.

మధుబాబు


మాచర్ల
14 జూలై 2025

బావగారూ, నొక్కొద్దు. ముందు ఈ ఒక్క మాట చదవండి. ఏదీ నొక్కొద్దు.

మీరు గురువారం రాసిన ఉత్తరం ఇవాళ సోమవారం నా చేతికొచ్చింది. ఆదివారం నిన్ననే అయిపోయింది. మీ తోడల్లుడి చేత రెండుసార్లు ఫోన్ చేయించాను. స్విచాఫ్. మీరు ఏదో ఒక కారణం వల్ల ఆగి ఉంటారన్న ఆశతో రాస్తున్నా.

వైరస్‌లకు వంతుల వారీగా పేర్లు పెట్టరు. మీరు ఫిజిక్స్ చెప్పిన మనిషి కాబట్టి ఇంతకంటే ఏమీ అనను. ఆ పేర్లు పెట్టింది అక్క.

అవి ఫొటోలు బావగారూ. దీపప్పురుగుల ఫొటోలు. మీ వరండాలో ట్యూబులైటు చుట్టూ తిరిగి తిరిగి, తెల్లారేసరికి గోడ మీద వాలిపోతాయే, ఆ రెక్కల పురుగులు. మీరు ఐదున్నరకు స్టేడియానికి నడకకు పోయేవాళ్ళు కదా. మీరు గేటు వేయగానే అక్క పాత కెమెరా పట్టుకొని స్టూలెక్కేది. మీరు తిరిగొచ్చేలోపు దించేసేది. అందుకే ఆ ఫోల్డర్‌కు 'పొద్దున్నే' అని పేరు. ఎవరికీ చెప్పనని నా చేత ఒట్టేయించుకుంది.

అప్పుడప్పుడూ ఒకటి నా ఫోన్‌కు పంపేది. "ఏమే, ఇది చూడవే. ఎర్రగా ఉంది, ఒళ్ళంతా పొడిపొడి. దీన్నేమందాం?" అని. నేను మిరప్పొడి జల్లెడ పడుతూ ఉన్నా. ఆ మాటే అన్నాను. పెట్టేసింది. మీ కాగితంలో మొదటి పేరు అది చూడగానే కట్టు సంగతి మరిచి లేవబోయాను. పిన్ని శాలువా నాకు తెలుసు. గురజాలలో మా పిన్నికి ఉండేది, బూడిదరంగు మీద ఊదా గళ్ళు. సన్యాసి నాకు తెలియదు. మసీదు కిటికీ తెలియదు. ఏ ముప్పయ్యో నలభయ్యో ఉంటాయని నేననుకున్నా. 1,146 అంటే నాకూ ఇప్పుడే తెలిసింది.

ఆ డాలు పేరు కూడా చూశాను. దొంగది. అసలు యాంటీవైరస్ కాదు. కాపలావాడి చొక్కా తొడుక్కొని వచ్చిన దొంగ.

నొక్కలేదని ఒక్క ముక్క రాయండి. కార్డు చాలు.

సుప్రజ


నరసరావుపేట
17 జూలై 2025

సుప్రజా,

నీ ఉత్తరం చేరింది. నా 13వ తేదీ ఉత్తరం ఈపాటికి నీకు చేరి ఉంటుంది. నొక్కాను. ఫోల్డర్ ఖాళీ. ఖాళీ అయిందని సంతోషంగా రాశాను కూడా.

వరండా గోడ ఎనిమిది దాటేదాకా దులపనిచ్చేది కాదు. పనిమనిషిని ఆపేది. బూజు పట్టిన కొంపలా ఉందని చాలాసార్లు కసిరాను. ఎందుకని ఒక్కసారీ అడగలేదు.

ఆమె నా చేతుల్లో పోలేదు. ఆస్పత్రిలో పోయింది. ఇవి నా చేతుల్లో పోయాయి.

డాలు ఇంకా ఆమెను పిలుస్తూనే ఉంది.

మధుబాబు


మాచర్ల
20 జూలై 2025

బావగారికి,

మీ రెండు ఉత్తరాలూ ముందు పెట్టుకొని పదిసార్లు చదివాను. పదమూడో తేదీ ఉత్తరంలో మీరు తేలిగ్గా రాసేసిన ఒక ముక్క ఉంది. అది డబ్బు అడిగింది. మీరు కట్టలేదు.

జాగ్రత్తగా వినండి. ఈ దొంగలకు తుడవడం పని కాదు, బెదిరించడం పని. ముందు అబద్ధపు జబ్బులు చూపిస్తాయి. లోకం మీద ఏ వైరస్ లేకపోయినా కనపడిన ఫొటోలన్నిటి పేర్లూ చదివేసి ఇవే వైరస్‌లంటాయి. మనిషి లొంగకపోతే ఫొటోలను దాచేస్తాయి. ఇంట్లో దీపాలార్పి, 'నీ సామానంతా పోయింది, డబ్బిస్తే తెచ్చిపెడతా' అని చీకట్లో అరిచే రకం. సామాను ఎక్కడిదక్కడే ఉంటుంది. మా షాపులో ఇలాంటివి మూడు చూశాను. రెండింటిలో అన్నీ దొరికాయి. మూడోదాన్ని నా దగ్గరికి తెచ్చేలోపే ఎవరో ఫార్మాట్ కొట్టేశారు. కాబట్టి ఉన్నాయని ఒట్టేసి చెప్పలేను. లేవని మీరు ఏడవడానికీ వీల్లేదు.

ఒకటి ఆలోచించండి బావగారూ. అది నిజమైన యాంటీవైరస్ అయి, పొరపాటున అక్క ఫొటోలను పట్టుకొని ఉంటే, మీరు నొక్కగానే నిజంగానే తుడిచేసేది. అది అబద్ధం కాబట్టే ఆశ మిగిలింది.

ఇలా చేయండి. కంప్యూటర్ ఆపి మళ్ళీ పెట్టండి. పెట్టీ పెట్టగానే కీబోర్డు పైవరసలో ఎఫ్ ఎనిమిది మీటను వదలకుండా తడుతూ ఉండండి. ఒక జాబితా వస్తుంది. అందులో సేఫ్ మోడ్ ఎంచుకోండి. తెర నల్లగా అవుతుంది, అక్షరాలు లావుగా వస్తాయి. కంగారు పడకండి, పాడవలేదు. అవసరమైన పనివాళ్ళు తప్ప ఎవరూ లేవని వేళ అది. డాలు కూడా నిద్రలో ఉంటుంది. తెర మీద మిగిలే దాని బొమ్మ మీద మౌస్ కుడి మీట నొక్కి ప్రాపర్టీస్‌లోకి వెళితే, అది కాపురముండే ఫోల్డర్ చిరునామా ఉంటుంది. అక్కడికి పోయి ఆ ఫోల్డర్ మొత్తం తీసేయండి. చెత్తబుట్ట కూడా ఖాళీ చేయండి. మామూలుగా మళ్ళీ పెట్టి చూడండి. డాలు రాకపోతే అప్పుడు ఫోల్డర్ ఆప్షన్స్‌లో 'దాచిన ఫైళ్ళు చూపించు' అన్నచోట చుక్క పెట్టండి. ఆ తర్వాత 'పొద్దున్నే' తెరవండి. వరసగా ఇవే చేయండి, ముందూ వెనకా కాకుండా.

మళ్ళీ తిరిగొస్తే తిట్టుకోకండి. మొండివి. ఎలా తిరిగొచ్చిందో రాసిపెట్టండి.

ఇక్కడ వాన లేదు. మిర్చి నారు పోసినవాళ్ళు ఆకాశం వంక చూస్తున్నారు. మీ తోడల్లుడు జిరాక్స్ రెండు వైపులా తీయడం నేర్చుకున్నాడు. ఊరంతా తీపి పంచాలన్నాడు.

మీ ఉత్తరం కోసం గుమ్మం వైపే మంచం తిప్పించుకున్న
సుప్రజ


నరసరావుపేట
25 జూలై 2025

సుప్రజా,

వరసగా రాస్తాను.

మంగళవారం సేఫ్ మోడ్‌లోకి వెళ్ళాను. నువ్వు చెప్పిన ఫోల్డర్ దొరికింది. పేరు అర్థంలేని అక్షరాలు. తీసేశాను. మామూలుగా పెట్టాను. డాలు వచ్చింది. 'యశోదా' అంది.

మళ్ళీ వెళ్ళి మళ్ళీ తీశాను. మళ్ళీ వచ్చింది. మూడోసారి గడియారం పెట్టుకొని చూశాను. మామూలుగా తెరుచుకున్నాక పదకొండు సెకన్లకు వస్తోంది. నాలుగోసారీ పదకొండే. ఐదోసారీ అంతే. ప్రయోగశాలలో ఒకే ఫలితం ఐదుసార్లు వస్తే కారణం ఒకటి ఉండి తీరాలి. నేను చంపుతున్నదాన్ని ఎవరో పుట్టిస్తున్నారు.

బుధవారం అంతా ఆలోచించాను. నేను అవును అని నొక్కింది జూలై ఒకటో తేదీ సాయంత్రం. ఇది పుట్టింది ఆ నిమిషంలోనే. తోడు ఉంటే అదీ ఆ నిమిషంలోనే పుట్టి ఉండాలి. ఫైళ్ళను తేదీ వారీగా పేర్చడం సుభానీని అడిగి తెలుసుకున్నాను. కంప్యూటర్‌ను ముట్టనివ్వలేదు. ఒకటో తేదీ ఐదు గంటల నలభై రెండు నిమిషాలకు పుట్టినవి రెండు ఫోల్డర్లు. ఒకటి డాలుది. రెండోది ఇంకెక్కడో, ప్రింటర్ పేరు పెట్టుకొని. మనకు ప్రింటర్ లేదు. ఒకటి చస్తే రెండోది దాన్ని తిరిగి పుట్టిస్తోంది. ఒకదాని మీద ఒకటి కన్ను వేసి కూర్చున్నాయి. కోపం రాలేదు. దొంగతనానికి ఇంత తెలివి ఖర్చు పెట్టినవాడు ఎవరో చూడాలనిపించింది.

గురువారం రెండింటినీ కలిపి ఎంచుకొని ఒకేసారి తీశాను. మామూలుగా పెట్టాను. పదకొండు సెకన్లు. నిమిషం. పది నిమిషాలు. రాలేదు.

ఇంట్లో ఆమెను పేరు పెట్టి పిలిచేది అదొక్కటే మిగిలింది. తీసేశాను.

తర్వాత చుక్క పెట్టాను. 'పొద్దున్నే' తెరవడానికి ముందు లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చాను.

ఉన్నాయి, సుప్రజా. అన్నీ ఉన్నాయి. మొదట పాలిపోయి కనపడ్డాయి. దాచిన ఫైళ్ళు అలాగే కనపడతాయని ఇప్పుడు తెలిసింది. అప్పుడు మాత్రం అవి చెరిగిపోతున్నాయనే అనుకున్నాను. అన్నింటినీ ఎంచుకొని, దాచినట్టున్న గుర్తు తీసేశాను. ఒక్కసారిగా రంగులోకి వచ్చాయి.

నిన్న సాయంత్రం దాకా లేవలేదు. మిరపపొడి చూశాను. నువ్వు సరిగ్గానే చెప్పావు. సన్యాసి ఒళ్ళంతా కాషాయం, కళ్ళు మూసుకున్నట్టు రెండు నల్లగీతలు. మసీదు కిటికీ రెక్కల మధ్య పారదర్శకం. వెనక మన గోడ సున్నం కనపడుతుంది. అలిగిన పిల్ల రెక్కలు రెండూ దించుకొని, గోడకు మొహం పెట్టి కూర్చుంది. కొండవీటి రాయిని మొదటిసారి చూస్తే పురుగే కనపడలేదు. గోడ పెచ్చు అనుకున్నాను. ముప్పయ్యేళ్ళుగా ఈ గోడ పక్కన కుర్చీ వేసుకొని పేపరు చదివాను.

ఇంకొకటి. ప్రతి ఫొటోలోనూ పురుగు పక్కన గోడకు ఒక కందిగింజ అంటించి ఉంది. మెతుకుతో అంటించినట్టుంది, అంచున తెల్లగా కనపడుతోంది. మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీలో వెనక్కి వాలాను. అది కొలత. పురుగు ఎంతుందో తెలియడానికి. నేను తరగతిలో మొదటి రోజు చెప్పే పాఠం అది. కొలమానం లేనిదే పరిశీలన లేదు. ఆమె నా తరగతిలో ఎన్నడూ కూర్చోలేదు.

గింజకు ఎడమ అంచున చిన్న నొక్కు ఉంది. పెద్దది చేసి చూశాను. మొదటి ఫొటో తొమ్మిదేళ్ళ కిందటిది. చివరిది ఈ జనవరిది. రెండింటిలోనూ అదే నొక్కు. మధ్యలో వంద తీసి చూశాను. అదే గింజ. ఇంటినిండా కందులు పెట్టుకొని, ఒక్క గింజను తొమ్మిదేళ్ళు దాచింది. గింజ మారితే కొలత మారుతుందని ఆమెకు తెలుసు. ప్రపంచానికంతా కొలతైన కిలోగ్రాము దిమ్మెను పారిస్ దగ్గర గాజు గంటల కింద దాచారని ముప్పయ్యొక్క ఏళ్ళు పిల్లలకు చెప్పాను. ఇంట్లో ఒక ప్రమాణం ఉందని నాకు తెలియదు.

నీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియదు.

మీ బావ,
మధుబాబు


మాచర్ల
30 జూలై 2025

బావగారికి,

మీ ఉత్తరం గట్టిగా చదివి వినిపించాను. మీ తోడల్లుడు మధ్యలో లేచి షాపులోకి పోయాడు. గిరాకీ ఉందన్నాడు. ఎవరూ లేరు.

కందిగింజ సంగతి నాకూ చెప్పలేదు. నాకు పంపేటప్పుడు ఆ ముక్క కత్తిరించి పంపేదన్నమాట. దాన్ని ఎక్కడ దాచిందో వెతకకండి. ఎక్కడో డబ్బాలో ఉంటుంది. మీరు వెతికితే దొరకదు, మీకు ఉప్పే దొరకదు.

ఒక మాట చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. మీరు అన్నీ దాచకుండా రాశారు కాబట్టి నేనూ రాస్తున్నా. ఒకసారి అక్కను అడిగాను. "బావకు చూపిచ్చొచ్చు గదే, ఎందుకు దాస్తావు?" అని. అప్పుడు తను అన్న మాట ఇది: "చూపిస్తే, సైన్సులో దీని పేరేంది అంటాడే. తెలవదంటే పుస్తకం తెస్తాడు. మంచోడే, తప్పకుండా తెస్తాడు. పుస్తకం వచ్చినాక ఇది నాది కాదు." నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. మీ మీద చాడీ కాదు బావగారూ. మిమ్మల్ని ఎంత బాగా చదివిందో చెప్తున్నా.

ఇప్పుడు ఆలస్యం చేయకుండా ఒక పని చేయండి. ఒక పెన్‌డ్రైవ్ కొని ఆ ఫోల్డర్ మొత్తం కాపీ చేసి నాకు పంపండి. ఒకే చోట ఉన్నది ఉన్నట్టు కాదు. అసలైన యాంటీవైరస్ నేను వచ్చి వేస్తాను. అప్పటిదాకా నెట్ వైరు పెట్టకండి.

సోమవారం కట్టు విప్పుతారు.

సుప్రజ


నరసరావుపేట
8 ఆగస్టు 2025

సుప్రజా,

మీ అక్క అన్నది నిజం. పుస్తకం తెచ్చేవాడిని. రెండు తెచ్చేవాడిని.

పెన్‌డ్రైవ్ ఇందులో ఉంది. కాపీ కావడానికి రెండు గంటలు పట్టింది. పాత మిషను. ఒక్కొక్క పేరూ తెర మీద కనపడి వెళ్ళిపోయింది. అందినన్ని పైకి చదివాను. మధ్యలో పాలు పోసే ఆవిడ వచ్చి, కిటికీలోంచి కాసేపు విని, "ఏం నోము సార్?" అని అడిగింది. యశోదమ్మది అని చెప్పాను. చెంబు కింద పెట్టి నిలబడింది. చివరిదాకా కదల్లేదు.

అలా చదువుతుంటే ఒకటి తెలిసింది. అన్నింటికీ పేర్లు లేవు. 'పేరు లేదు ఒకటి', 'పేరు లేదు రెండు', అలా 212 వరకు ఉన్నాయి. అన్నీ పోయిన ఆగస్టు తర్వాత తీసినవి. అప్పటికి స్టూలెక్కి దిగితే ఆయాసం వచ్చేదని డాక్టరు దగ్గర చెప్పింది. స్టూలెక్కడం దేనికని నేను డాక్టరు ముందే మందలించాను. ఫొటో తీయడం మానలేదు. పేరు ఆలోచించే ఓపిక లేకపోయి ఉంటుంది. తర్వాత పెడదామనుకొని ఉంటుంది.

ఒకదానికి పెట్టి చూద్దామనుకున్నాను. ముందు నాకు తోచింది 'బూడిదరంగు, మధ్యస్థం'. అది పేరు కాదని నాకే తెలిసింది. రెండో రోజు ఏమీ తోచలేదు. రోజూ పొద్దున తెరిచి దాని ముందు కూర్చున్నాను. ఒక తేదీలో ఆమె పదిహేనింటికి పేర్లు పెట్టింది. నాకు ఒకదానికి మూడు రోజులు పట్టింది. చూడటం అంటే ఏమిటో నాకు తెలుసనుకొని ముప్పయ్యొక్క ఏళ్ళు జీతం తీసుకున్నాను.

మూడో రోజు తట్టింది. గురజాల బస్సులో మీ పుట్టింటికి వెళుతూ పిడుగురాళ్ళ దాటుతుంటే, సున్నపు బట్టీల పక్కన వేపచెట్లు ఉంటాయి. వాటి ఆకుల మీద తెల్లటి దుమ్ము. కింద ఆకుపచ్చ ఉందని తెలుస్తుంది, కనపడదు. ఆ రెక్క అలా ఉంది. ఆమెను అడిగితే ఒప్పుకునేదో కాదో. నీకు సరి కాదనిపిస్తే రాయి, మారుస్తాను.

ఈ ఉదయం 'పేరు లేదు ఒకటి' తుడిచి, ఇంగ్లీషు అక్షరాల్లో 'సున్నపు బట్టీ' అని కొట్టాను. కొట్టి ఎంటర్ నొక్కాను. ఫొటో మాయమైంది. ఉన్నచోట లేదు. మళ్ళీ పోగొట్టాననుకున్నాను. చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. తర్వాత పైనుంచి ఒక్కొక్క వరసా వెతుక్కుంటూ దిగాను.

దొరికింది. కంప్యూటర్ పేర్లను అక్షర క్రమంలో పెడుతుందట. పేరు పెట్టగానే దాన్ని తనంతట తానే తీసుకెళ్ళి దాని చోట ఉంచింది. పైన 'సన్యాసి'. కింద 'తాటిముంజె'. రెండూ ఆమె పెట్టినవి. మధ్యలో ఇది. తెలియనివాళ్ళు చూస్తే ఏది ఎవరు పెట్టారో చెప్పలేరు.

ఇంకా 211 ఉన్నాయి. పోస్టు వేసి వచ్చి రెండోది తెరుస్తాను.

మీ బావ,
మధుబాబు